లాక్‌డౌన్‌లో కాలేజీ చదివిన పిల్లలు ఇప్పటికీ కోలుకోలేదా? ఇచ్ఛాపురం, బరంపురం, పర్లాకిమిడి వైపు వాళ్లు చెప్పండి

బాహుదా_గట్టు, ఇచ్ఛాపురం

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. మా తమ్ముడు 2019లో ఒడిశాలోని బరంపురంలో డిగ్రీలో చేరాడు, మాది ఇచ్ఛాపురం కాబట్టి రోజూ రైల్లో వెళ్లొచ్చేవాడు, మా వైపు చాలామంది పిల్లలు అంతే కదా. 2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25న సరిగ్గా ఉగాది రోజు నుంచి దేశమంతా లాక్‌డౌన్. అక్కడి నుంచి వాడి డిగ్రీలో ఎక్కువ భాగం మా ఇంటి మధ్యగదిలో మంచం మీదే అయిపోయింది. 2022లో పాసయ్యాడు, మార్కులు కూడా బానే వచ్చాయి. కానీ మనిషి మారిపోయాడు. తెల్లవారుజాము మూడు దాకా నిద్రపోడు, పగలు పన్నెండుకి లేస్తాడు, మెడ నొప్పి నడుం నొప్పి ఎప్పుడూ ఉంటాయి, నలుగురున్న చోటికి రమ్మంటే అరచేతులు చెమట పట్టేస్తాయి. మొన్న మా పిన్ని కూతురి పెళ్లికి తీసుకెళ్తే భోజనాలయ్యే దాకా కల్యాణమండపం బయట బండి మీదే కూర్చున్నాడు, లోపలికి రాలేదు. ఇదే మనిషి ఇంటర్‌లో కబడ్డీ టీమ్‌లో ఆడి ట్రోఫీ పట్టుకుని వీధంతా తిరిగినవాడు.

అమ్మ బద్ధకం అంటుంది, నాన్న ఫోన్ లాక్కుంటే అన్నీ సర్దుకుంటాయంటారు. నాకు అలా అనిపించట్లేదు. వీడి తోటి వాళ్లలో ఇంకో ఇద్దరు ముగ్గురు ఇలాగే ఉన్నారని వింటున్నా. మీ ఇళ్లల్లో ఉన్నారా? ఏం చేశారు? డాక్టర్‌కి చూపించాలా, చూపిస్తే ఎవరికి?

కొబ్బరితోట, కవిటి

అక్కా నేను 2018-21 బ్యాచ్, శ్రీకాకుళంలో బీఎస్సీ. హాస్టల్ ఖాళీ చేయమన్నారు, రెండు జతల బట్టలు పట్టుకుని వచ్చేశా, పుస్తకాలు ట్రంకు పెట్టె అన్నీ అక్కడే ఉండిపోయాయి, పది రోజుల్లో తెరుస్తారులే అనుకున్నాం. మొదట్లో బాగానే ఉండేది, తోటల్లో పేకాట, చెరువులో ఈత. తర్వాత పోలీసులు తిరగడం మొదలుపెట్టారు, ఇంట్లో కూర్చున్నాం, ఇంక ఫోనే లోకం. పగలు క్లాసు ఫోన్‌లో, రాత్రి గేమ్ ఫోన్‌లో, పడుకునే ముందు ఎవరెవరు పోయారో ఆ వార్తలు ఫోన్‌లో.

నా అసలు దెబ్బ వేరే. మా ఉద్దానం (కవిటి, సోంపేట చుట్టుపక్కల) పిల్లలకి తెలుసు కదా, డిగ్రీ చదువుతూనే తెల్లారి బీచ్‌లో రన్నింగ్ చేసి ఆర్మీకో కానిస్టేబుల్‌కో వెళ్తాం. నేను ఇంటర్ నుంచి ప్రాక్టీసు చేసినవాణ్ని. 2020 నుంచి ఆర్మీ ర్యాలీలు ఆగిపోయాయి, రెండేళ్లు అలాగే పోయాయి, 2022 జూన్‌లో అగ్నిపథ్ అన్నారు, వయసు ఒక్కసారికి 23 దాకా పెంచారు గానీ అప్పటికి నా ఒళ్లు నా మాట వినట్లేదు. కానిస్టేబుల్ టెస్టుకి 1600 మీటర్లు పరిగెత్తాలి, ఒకప్పుడు మాట్లాడుకుంటూ పరిగెత్తేసేవాణ్ని, సగం అవ్వకుండానే పక్కకి కూర్చుండిపోయా. కాళ్లలో బలం లేదు, ఊపిరి అందలేదు. ఆ రోజు నుంచి గ్రౌండ్ వైపు వెళ్లడం మానేశాను, ఫ్రెండ్స్ పిలిస్తే ఏదో ఒక సాకు చెప్పేవాణ్ని. మీ తమ్ముడు మండపం బయట కూర్చున్నాడన్నారు చూడండి, అది బద్ధకం కాదని నేను చెప్పగలను.

పాతపట్నం_బాబాయ్

అందరూ ఏమీ అనుకోకండి, నాకు 58 ఏళ్లు, ఉన్నది చెప్తాను. 1999 అక్టోబరులో బరంపురం మీద తుఫాను పడ్డప్పుడు చూశాం, 2018లో తిత్లీ చూశాం, ఇంటి కప్పు లేచిపోయింది, కరెంటు లేదు, నీళ్లు లేవు, ఎవరం మంచం ఎక్కలేదు. మరి ఇంట్లో కూర్చోబెట్టి అమ్మ వండి పెడితే పిల్లలకి మనోవ్యాధి ఎలా వస్తుంది? పొద్దున్నే లేపి పొలం పనికి తీసుకెళ్లండి, సాయంత్రానికి నిద్ర అదే వస్తుంది. ఫోన్లు ఇచ్చి పిల్లల్ని పాడుచేసింది మనమే.

కొబ్బరితోట, కవిటి

బాబాయ్ తిత్లీ మాట మీరే ఎత్తారు కాబట్టి చెప్తాను. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున మా తోటలో చెట్లు పడిపోయాయి, మా నాన్న వేసినవి, తాత వేసినవి. పొద్దున్నే ఊరంతా వచ్చింది. ఒకే టెంటు కింద వండుకున్నాం, ఒకరి చెట్లు ఒకరం కోసుకున్నాం, నేను నా ఫ్రెండ్స్ కలిసి దారి క్లియర్ చేశాం, ఏడ్చినా పక్కన ఎవరో ఒకరు ఉన్నారు. లాక్‌డౌన్‌లో మా పక్కింటి పెద్దాయన పోతే నలుగురు మొయ్యడానికి రాలేదు. కష్టం వచ్చినప్పుడు మనిషి దగ్గరికి మనిషి వెళ్లడం మన అలవాటు, ఆ సంవత్సరం దగ్గరికి వెళ్లడమే తప్పు అన్నారు. నా వరకు రెండింటికీ తేడా అదే. పొలం పని ఒంటికి మంచిదే, దాన్ని కాదనను.

మహేంద్రతనయ

నేను ఆంధ్రా వైపు పాతపట్నం అమ్మాయిని, కాలేజీ ఒడిశా వైపు పర్లాకిమిడి. తెలియనివాళ్లకి చెప్తున్నా, మధ్యలో ఒక్క ఏరు ఉంది అంతే, మా ఇంటి నుంచి కాలేజీకి స్కూటీ మీద వెళ్లిపోతాను. రాష్ట్రాలు వేరని మామూలు రోజుల్లో ఒక్కసారి కూడా గుర్తొచ్చేది కాదు, పప్పులు అక్కడ కొంటాం, బట్టలు అక్కడ కొంటాం, మా మేనత్త ఇల్లు అక్కడ. లాక్‌డౌన్‌లో వెదుళ్లు అడ్డం కట్టేసి అటు పోలీసులు ఇటు పోలీసులు. లైబ్రరీ పుస్తకాలు, ల్యాబ్ రికార్డు, నా స్కాలర్‌షిప్ కాగితాలు అన్నీ అవతలి ఒడ్డున. ఒడిశాలో బయటి నుంచి వచ్చినవాళ్లు 14 రోజులు క్వారంటైన్‌లో ఉండాలి, ఊరి సర్పంచ్‌లకే కలెక్టర్ అధికారాలు ఇచ్చారు. బరంపురం ఉన్న గంజాం జిల్లాలో అది అవసరమే, సూరత్ నుంచి వేలమంది వలస కూలీలు వచ్చారు, 2020 జూలైకి ఒడిశాలో అన్నిటికన్నా ఎక్కువ కేసులు అక్కడే. కానీ రోజూ వంతెన దాటే స్టూడెంట్ ఏ లెక్కలోకి వస్తుందో ఎవరికీ తెలియదు. ఆంధ్రా నోటీసులు నా కాలేజీకి వర్తించవు, ఒడిశా నోటీసులు మా ఊరికి వర్తించవు. పరీక్ష ఉందా లేదా, ఉంటే ఎలా దాటాలి, ఈ ఆలోచనతోనే కడుపులో తిప్పేసేది, అన్నం సయించేది కాదు.

ఇంకో విషయం, అబ్బాయిలు ఫోన్ ఎక్కువై పాడయ్యారంటున్నారు, మాకు అసలు ఫోనే అందలేదు. ఇంట్లో ఒక్క స్మార్ట్‌ఫోన్, అన్నయ్య క్లాసు అయ్యాక, చెల్లి వర్క్‌షీట్ అయ్యాక నాకు. నా క్లాసు టైమ్‌కి వంట టైమ్. ఇంట్లోనే ఉన్నావు కదా అని గిన్నెలు, బట్టలు, నాన్నమ్మ మందులు అన్నీ నా మీదే పడ్డాయి, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఉల్లిపాయలు తరుగుతూ థర్మోడైనమిక్స్ విన్నాను. పెళ్లి సంబంధాలు కూడా అప్పుడే ఎక్కువ వచ్చాయి, యాభై మందితో పెళ్లి అయిపోతుంది, ఖర్చు తక్కువ అని. నా క్లాస్‌మేట్స్‌లో కొందరు మళ్లీ కాలేజీకి రానేలేదు. నాకు నెలసరి నెలల తరబడి తప్పింది, అమ్మకి చెప్పడానికే భయం, అప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్లాలంటే కరోనా వార్డు అనే భయం. బరువు కూడా బాగా పెరిగాను.

గుణుపురం_మాష్టారు

ఇది ఒడిశా రాయగడ జిల్లా నుంచి. నేను డిగ్రీ కాలేజీలో లెక్చరర్‌ని, తెలుగు ఇంట్లో పుట్టి ఒడియాలో పాఠం చెప్పేవాణ్ని. మా వైపు నుంచి చూసింది రాస్తాను.

2017-18లో కేంద్రం చేసిన జాతీయ నమూనా సర్వే (ఎన్‌ఎస్‌ఎస్) 75వ రౌండ్‌లో గ్రామాల్లో ఇంటర్నెట్ ఉన్న ఇళ్లు నూటికి 15 కూడా లేవు, పట్టణాల్లో 42. కంప్యూటర్ ఉన్న పల్లె ఇళ్లు నూటికి 4 చిల్లర. ఆ దేశంలో రాత్రికి రాత్రి ఆన్‌లైన్ క్లాసులన్నాం. నా క్లాసులో సవర గిరిజన పిల్లలు ఉన్నారు, కొండ మీద ఊళ్లు, సిగ్నల్ కోసం కొండ ఎక్కి రాయి మీద కూర్చునేవాళ్లు, వాన వస్తే క్లాసు లేదు. నేను మాట్లాడుతుంటే తెర మీద నల్ల గళ్లు తప్ప ఒక్క మొహం కనబడేది కాదు. ఎవరు వింటున్నారో, ఎవరు ఏడుస్తున్నారో మాకు తెలిసే దారే లేదు. మామూలు రోజుల్లో వెనక బెంచీలో ఒక పిల్లాడు వారం పాటు తల దించుకుని కూర్చుంటే కనిపెడతాం, వరండాలో పిలిచి ఏమైంది నాన్నా అని అడుగుతాం. ఆ వరండా పోయింది.

పరీక్షల గందరగోళం వల్ల జరిగిన నష్టం కూడా తక్కువేమీ కాదు. ఫైనల్ ఇయర్‌కి పరీక్ష లేదని ఒకరు, ఉందని ఒకరు. 2020 జూలై 6న యూజీసీ (యూనివర్సిటీల మీద ఉండే కేంద్ర సంస్థ) సెప్టెంబరు చివరిలోగా పెట్టాల్సిందే అంది, కేసు సుప్రీంకోర్టుకి వెళ్లింది, ఆగస్టు 28న కోర్టు పరీక్ష లేకుండా ప్రమోట్ చేయడం కుదరదు, కావాలంటే రాష్ట్రాలు వాయిదా అడగొచ్చు అని తేల్చింది. ఆ రెండు నెలలు నాకు అర్ధరాత్రి మెసేజ్‌లు వచ్చేవి, సార్ చదవమంటారా వద్దా అని. చదవడం కష్టం కాదు, చదవాలో వద్దో తెలియకపోవడం పిల్లల్ని తినేసింది.

తిరిగి కాలేజీ తెరిచాక నేను చూసింది చెప్తే ఆశ్చర్యపోతారు. మూడు గంటల పరీక్షలో గంట కాగానే పిల్లలు పెన్ను పెట్టేసి చెయ్యి పిసుక్కుంటున్నారు, రాసే కండరాలు మర్చిపోయాయి. లేచి నిలబడి సమాధానం చెప్పమంటే గొంతు వణుకుతోంది. బాగా చదివే అమ్మాయి సెమినార్ రోజు కళ్లు తిరిగి పడిపోయింది. 2020 ఏప్రిల్‌లోనే యూజీసీ మానసిక ఆరోగ్యం కోసం హెల్ప్‌లైన్లు పెట్టమని యూనివర్సిటీలకి రాసింది, చాలా కాలేజీల్లో అది నోటీసు బోర్డు మీద కాగితంగానే ఉండిపోయింది. ఇప్పటికైనా కాలేజీకో కౌన్సెలర్ కావాలి, పార్ట్‌టైమ్ అయినా సరే, తెలుగు, ఒడియా రెండూ వచ్చిన మనిషి.

వలరాజు_కొడుకు, సోంపేట బీచ్ వైపు

మాష్టారూ మంచి మాట సెప్పారు. మాది సముద్రం పక్క ఊరు, మా నాన్న గుజరాత్ వెరావల్‌లో బోటు మీద ఉండేవోడు, మా జిల్లావోళ్లు చాలామంది అక్కడే కదా. లాక్‌డౌన్ పడీసరికి బోట్లోనే ఉండిపోయారు, దిగనివ్వనేదు, తిండి నీల్లు కట్టం. ఏప్రిల్ ఆఖరికి బస్సులేసి తీసుకొచ్చారు, అయినా క్వారంటైన్. నాను అప్పుడు పాలిటెక్నిక్ సెకండియర్. క్లాసేటి వింటాను సెప్పండి, ఫోన్ మోగితే గుండె జల్లుమనేది. ఇప్పటికీ తెలీని నంబర్ నుంచి ఫోనొస్తే సేతులు వణుకుతాయి. ఇంట్లో డబ్బుల్లేక పలాస జీడిపప్పు ఫ్యాక్టరీకి పన్లోకెళ్లాను, కూకుని కూకుని నడుం పట్టీసింది, మెడికల్ షాపులో బిళ్లలు కొని వేసుకునేవోణ్ని. పాలిటెక్నిక్ ఒక ఏడు ఆలస్యంగా అయింది. ఎవురికీ సెప్పలేదు, ఇదే మొదటిసారి రాయడం.

డాక్టరమ్మ_బరంపురం

పోస్టులన్నీ చదివాను. నేను మానసిక వైద్యం చేస్తాను, బరంపురంలోనే, ఇచ్ఛాపురం, కంచిలి, సోంపేట నుంచి వచ్చేవాళ్లని రోజూ చూస్తాను. ఫోరంలో ఎవరికీ జబ్బు పేరు పెట్టను, చూడకుండా పెట్టకూడదు. కానీ ఇది ఎలా జరుగుతుందో చెప్తాను, ఎందుకంటే ఇంట్లోవాళ్లు తిట్టడం ఆపాలంటే అది తెలియాలి.

ముందు నిద్ర. మన శరీరంలో ఒక గడియారం ఉంది, దాన్ని రోజూ సరిచేసేది పొద్దుటి వెలుతురు. కాలేజీ ఉన్నప్పుడు ఏడింటికి రైలు ఎక్కాలి, ఎండ మొహం మీద పడేది, గడియారం సరిగ్గా నడిచేది. కిటికీ మూసిన గదిలో పన్నెండింటికి లేచి, రాత్రి ఫోన్ వెలుగులో గడిపితే మెదడు నిద్రకి సాయపడే మెలటోనిన్ అనే హార్మోన్ వదలడమే ఆలస్యం చేస్తుంది, నిద్ర ఇంకా వెనక్కి జరుగుతుంది. ఇలా రెండేళ్లు నడిచినవాడిని పదింటికి పడుకో అంటే పడుకోలేడు, వాడి ఒంట్లో అది సాయంత్రం ఆరే. లేచే టైమ్‌ని కొంచెం కొంచెంగా ముందుకి జరపాలి, లేవగానే బయట వెలుతురులో తిరగాలి. పడుకునే టైమ్ దాని వెనకే వస్తుంది.

భయం సంగతి. నలుగురిలోకి వెళ్లాలంటే భయం వేసింది, వెళ్లలేదు, వెంటనే హాయిగా అనిపించింది. మెదడు ఏం నేర్చుకుంటుంది? వెళ్లకపోతేనే క్షేమం అని. ప్రతిసారీ తప్పించుకున్న కొద్దీ భయం బలపడుతుంది. పద్దెనిమిది పంతొమ్మిదేళ్ల వయసులో కొత్తవాళ్లతో మాట్లాడటం, మాట పడటం, మళ్లీ కలవడం ఇవన్నీ రోజూ సాధన మీద వస్తాయి, ఆ సాధన చెయ్యాల్సిన వయసులోనే తలుపులు మూసేశాం. కొందరు తెరవగానే కలిసిపోయారు, కొందరికి తోడు కావాలి. బలవంతంగా పెళ్లి పందిట్లోకి లాక్కెళ్లకండి, అలాగని గదిలో వదిలేయకండి. తెలిసిన ఒక్క ఫ్రెండ్‌తో టీ కొట్టు దాకా, అది అలవాటయ్యాక ఇద్దరు ముగ్గురితో. కౌన్సెలింగ్‌లో మేం చేయించేది కూడా ఇదే, పద్ధతిగా. అవసరమైతే మందులు కూడా ఉంటాయి, అన్నీ నిద్రమాత్రలు కావు, అన్నీ జీవితాంతం వాడేవి కావు.

ఒంటి విషయంలో కొబ్బరితోట రాసింది నూటికి నూరుపాళ్లు నిజం. కదలకపోతే కండ తగ్గుతుంది, గుండె పట్టు తగ్గుతుంది, అవి కొన్ని వారాల్లోనే మొదలవుతాయి. పెద్దవాళ్లకి వారానికి కనీసం 150 నిమిషాలు చురుకైన నడకలాంటిది కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది, అప్పట్లో పిల్లలు మంచం నుంచి వంటింటికి నడిచారు. ఆ సంస్థే 2022 మార్చిలో మొదటి కోవిడ్ సంవత్సరంలో ప్రపంచవ్యాప్తంగా ఆందోళన, డిప్రెషన్ దాదాపు 25 శాతం పెరిగాయని, యువతకీ ఆడవాళ్లకీ దెబ్బ ఎక్కువ తగిలిందని చెప్పింది. కాబట్టి బాబాయ్ గారూ, ఇది మన ఇంటి గారాబం వల్ల వచ్చింది కాదు.

మహేంద్రతనయ, బరువు, ఒత్తిడి రెండూ నెలసరిని చెదరగొడతాయి, థైరాయిడ్ కూడా కారణం కావొచ్చు. ఇప్పటికీ సరిగ్గా రాకపోతే గైనకాలజిస్ట్‌ని కలువు తల్లీ, ఆలస్యం చెయ్యకు.

వలరాజు కొడుకూ, నీకు ఒక్క మాట గట్టిగా చెప్తాను. ఉద్దానంలో కిడ్నీ జబ్బులు ఎంత ఉన్నాయో నీకు తెలుసు. నొప్పి బిళ్లలు సొంతంగా కొని వాడటం ఆపు, ఒకసారి కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్ పరీక్ష చేయించుకో. ఫోన్ మోగితే చేతులు వణకడం కూడా డాక్టర్‌కి చెప్పాల్సిన విషయమే, చిన్నది కాదు.

సరిహద్దు_చర్చలు మోడరేటర్

పైన ఒకరు నిద్రకి ఫలానా బిళ్ల వాడండి అని పేరు, మోతాదు రాశారు, తీసేశాం. దయచేసి మందుల పేర్లు రాయకండి. ప్రాణం తీసుకోవాలనే ఆలోచన ఎవరికైనా వస్తుంటే ఈ థ్రెడ్‌లో జవాబు కోసం ఎదురుచూడకండి, ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి, 14416కి ఫోన్ చెయ్యండి. టెలి మానస్ అంటారు, 2022 అక్టోబర్ 10న మొదలైంది, ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడొచ్చు.

రాయగడ_రైలు

మోడరేటర్ గారు ఆ మాట ఎత్తారు కాబట్టి. జాతీయ నేర గణాంకాల్లో విద్యార్థుల ఆత్మహత్యలు 2019లో 10,335, 2020లో 12,526, 2021లో 13,089. అన్నీ లాక్‌డౌన్ వల్లే అని ఎవరూ అనలేరు. కానీ క్యాంపస్‌లు మూసి ఉన్న సంవత్సరాల్లో బాగా పెరిగాయి, ఇంట్లో అమ్మానాన్నల కళ్ల ముందున్నారు కదా క్షేమమే అనుకున్న సంవత్సరాల్లో.

నాది ఇంజనీరింగ్. 2021 మే, రెండో వేవ్. ఒడిశాలో మే 5 నుంచి మళ్లీ లాక్‌డౌన్, ఆంధ్రాలో అదే రోజు నుంచి మధ్యాహ్నం 12 తర్వాత కర్ఫ్యూ. మా నాన్నకి ఆక్సిజన్ పడిపోతుంటే బెడ్ కోసం తిరిగాం, ఒక చోట లేదన్నారు, ఇంకో చోట చేర్చుకున్నారు, లోపలికి వెళ్లిన మనిషిని మళ్లీ చూడలేదు. మొహం కూడా చూపించలేదు. పదో రోజు, పదకొండో రోజు, దినకర్మలు ఏవీ సరిగ్గా జరగలేదు, బంధువులు వీడియో కాల్‌లో ఏడ్చారు. ఆ తర్వాతి నెలలో ఆన్‌లైన్ పరీక్ష. రాశాను. పాసయ్యాను. క్లాస్ గ్రూపులో అందరూ కన్నీళ్ల బొమ్మలు పెట్టారు, ఒక గంట తర్వాత ఎవరో అసైన్‌మెంట్ పీడీఎఫ్ అడిగారు. వాళ్ల తప్పు లేదు, వాళ్ల ఇళ్లల్లోనూ అదే గొడవ.

ఉద్యోగం ఇంటర్వ్యూలో మీది కరోనా బ్యాచా, పరీక్షలు ఇంట్లో రాసినవాళ్లా అని అడిగారు. ఆ మాటకి నోరు పెగల్లేదు, ఎందుకంటే నేను ఆ పరీక్ష ఏ పరిస్థితిలో రాశానో చెప్తే అక్కడే ఏడ్చేస్తానని భయం. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం ఉంది, జీతం ఉంది. మే నెల వస్తే చాలు కడుపు పాడవుతుంది, నిద్ర పట్టదు. బాబాయ్ గారూ, మీరు పెద్దవారు, మిమ్మల్ని నొప్పించాలని కాదు, అమ్మ వండి పెడితే అన్నారు కదా, ఆ రోజుల్లో మా అమ్మ వంటింట్లోకి వెళ్లే స్థితిలోనే లేదు.

పాతపట్నం_బాబాయ్

నాయనా, మీ నాన్నగారి సంగతి తెలియక రాశాను, మనసులో పెట్టుకోకు. మా వీధిలో కూడా ఇద్దరు పోయారు ఆ నెలలో. అయినా ఫోన్ విషయంలో నా మాట మీదే ఉన్నాను, డాక్టరమ్మ గారు కూడా పొద్దున్నే లేచి ఎండలో తిరగమనే అన్నారు, నేను అన్నదీ అదే. తేడా ఏమిటంటే నేను తిట్టి లేపమన్నాను. ఒకటి అడుగుతాను డాక్టరమ్మ గారూ, మా మనవడు డిగ్రీ రెండో ఏడు, లాక్‌డౌన్‌లో ఎనిమిదో తరగతిలో ఉన్నాడు. వాడు ఎవరితోనూ మాట కలపడు. కాలేజీలో కాదు, హైస్కూల్లో ఉండగా మూసేసినా ఇదే జరుగుతుందా?

డాక్టరమ్మ_బరంపురం

జరగొచ్చు బాబాయ్ గారూ, ఆ వయసు ఇంకా సున్నితం. కానీ కొందరు పిల్లలు పుట్టుకతోనే మితభాషులు, అది జబ్బు కాదు. తిండి, నిద్ర, చదువు, ఒకప్పుడు ఇష్టపడ్డ ఆట, వీటిలో ఏవి మానేశాడో చూడండి. తక్కువ మాట్లాడతాడు కానీ క్రికెట్‌కి వెళ్తున్నాడు, బాగా తింటున్నాడు అంటే కంగారు అక్కర్లేదు. అన్నీ ఒక్కొక్కటిగా వదిలేస్తుంటే తీసుకురండి. పొద్దున్న నడకకి మీరే తోడు తీసుకెళ్లండి, మీరిద్దరూ ఏమీ మాట్లాడుకోకపోయినా పర్లేదు.

రాయగడ_రైలు, చావు దగ్గర చేయాల్సినవి చేయలేకపోయిన ఇళ్లల్లో దుఃఖం ఇలాగే సంవత్సరాల తరబడి తారీఖు పట్టుకుని తిరిగి వస్తుంది, చాలామందిలో చూశాను. దానికి కూడా సాయం ఉంది. కొన్ని కుటుంబాలు తర్వాతి ఏడాది సంవత్సరీకంనాడు అందరినీ పిలిచి అప్పుడు జరగనివి జరిపించుకున్నాయి, నాన్న గురించి కూర్చుని మాట్లాడుకున్నాయి. మీ అమ్మగారికి కూడా అది మంచి చేస్తుంది.

మహేంద్రతనయ

థాంక్యూ మేడమ్. నేను బయటపడింది ఎలాగో కూడా రాయాలి, లేకపోతే అంతా చీకటే అనుకుంటారు. వంతెన తెరిచాక నేనూ మా క్లాస్ అమ్మాయిలు నలుగురం సాయంత్రం కాలేజీ గ్రౌండ్‌లో నడవడం మొదలుపెట్టాం, మొదట్లో ఎవరం మాట్లాడుకోలేదు కూడా. తర్వాత ఒకమ్మాయి తన పెళ్లి ఎలా తప్పించుకుందో చెప్పింది, ఒకమ్మాయి వాళ్ల తాతగారి గురించి చెప్పింది. రాత్రి ఎక్కువ భోజనం మానేసి పొద్దున తరవాణి అన్నం, పెరుగు, ఇంట్లో ఉన్నవే తిన్నాను, బిస్కెట్లు చిప్స్ ఆపేశాను. బరువు మెల్లిగా దిగింది. నెలసరి ఇంకా పూర్తిగా దారికి రాలేదు, ఈ వారం వెళ్తాను.

మాష్టారు చెప్పిన కౌన్సెలర్ విషయం మాత్రం వదలకండి. మేం ఒక అర్జీ రాస్తున్నాం, ఒడిశా కాలేజీల్లో చదివే ఆంధ్రా పిల్లల తరఫున. ఈసారి ఏ వ్యాధి వచ్చినా, ఏ తుఫాను వచ్చినా సరిహద్దు దాటే స్టూడెంట్‌కి ఒక పాస్, పరీక్ష దగ్గరి సెంటర్లో రాసే వీలు, రెండు రాష్ట్రాల్లో దేని రూల్ వర్తిస్తుందో ముందే కాగితం మీద. ఒడియాలో డ్రాఫ్ట్ సరిచూడటానికి మాష్టారూ మీరు సాయం చేస్తారా?

గుణుపురం_మాష్టారు

తప్పకుండా తల్లీ, పంపించు. అందులో ఇంకో వాక్యం చేర్చండి, మూసేసిన రోజుల్లో కూడా వారానికి ఒకసారి ప్రతి స్టూడెంట్‌కీ లెక్చరర్ ఫోన్ చేసి పాఠం గురించి కాకుండా మనిషి గురించి అడగాలని. మా కాలేజీలో ఇద్దరం ముగ్గురం సొంతంగా చేశాం, స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, బటన్ ఫోన్ చాలు. కొండ మీద పిల్లలు ఆ ఫోన్ కోసమే ఎదురుచూసేవాళ్లు.

బాహుదా_గట్టు, ఇచ్ఛాపురం

అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియట్లేదు. నిన్న రాత్రి ఈ థ్రెడ్ తమ్ముడికి చూపించాను, వాడు గదిలోకి తీసుకెళ్లి చాలాసేపు చదివాడు. పొద్దున అడిగిన మొదటి ప్రశ్న, కొబ్బరితోట అన్న ఇప్పుడు పరిగెడుతున్నాడా అని. రెండోది, డాక్టర్ దగ్గర అక్క నువ్వు కూడా లోపలికి వస్తావా అని. గురువారం బరంపురం వెళ్తున్నాం. నాన్నకి ఇంకా పూర్తిగా నచ్చలేదు, కానీ వద్దనలేదు. మేడమ్, ఏమైనా పట్టుకురావాలా?

డాక్టరమ్మ_బరంపురం

మెడ నొప్పికి ఇంతకుముందు చూపించిన చీటీలు, ఎక్స్‌రే ఉంటే అవి. రక్తపరీక్షలు ఏవైనా చేయించి ఉంటే అవి కూడా. ఈ నాలుగు రోజులు ఎన్నింటికి పడుకున్నాడు, ఎన్నింటికి లేచాడు అన్నది వాడినే ఒక కాగితం మీద రాయమనండి. మొదట కాసేపు డాక్టర్ వాడితో ఒంటరిగా మాట్లాడతారు, తర్వాత మిమ్మల్ని పిలుస్తారు, అందుకని బయట కూర్చోమంటే కంగారుపడకండి.

కొబ్బరితోట, కవిటి

తమ్ముడికి చెప్పండక్కా, పరిగెడుతున్నాను. పాత టైమింగ్ రాలేదు, ఉద్యోగానికి వయసు కూడా దాటిపోతోంది, అయినా పొద్దున్నే బీచ్‌కి వెళ్తున్నా, మా ఊరి ఇంటర్ పిల్లలు కొందరు నాతో వస్తున్నారు. ఆదివారం ఇచ్ఛాపురం వస్తాను, మా పెద్దమ్మ ఇల్లు అక్కడే. వాడికి ఇష్టమైతే నా నంబర్ మెసేజ్‌లో పెడతా, కబడ్డీ గ్రౌండ్ ఎక్కడుందో వాడే చూపించాలి.

వలరాజు_కొడుకు, సోంపేట బీచ్ వైపు

డాక్టరమ్మా, క్రియాటినిన్ సోంపేటలో సేస్తారా, బరంపురం రావాలా?

డాక్టరమ్మ_బరంపురం

సోంపేట ప్రభుత్వాసుపత్రిలోనే అడుగు బాబూ, మామూలు రక్తపరీక్షే. ఆ షాపు బిళ్లల అట్ట కూడా చూపించు, ఎన్నాళ్లు వాడావో చెప్పు. రిపోర్టు వచ్చాక ఇక్కడ రాయి.